అర్జీ రాతకు నోట్‌ప్యాడా, వర్డా?

కంప్యూటరులో అర్జీ టైపు చేసుకోవడానికి నోట్‌ప్యాడు మేలా, వర్డు మేలా చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాణ్ణి. నాకు తెలిసినవల్లా డ్రాఫ్టూ, ఫెయిర్ కాపీ.

ఆఫీసులో ముందు డ్రాఫ్టు రాసేవాళ్ళం. సూపరింటెండెంటు గారు కొట్టివేతలు చేశాక టైపుకు పంపేవాళ్ళం. నోట్‌ప్యాడు ఆ డ్రాఫ్టు కాగితం లాంటిది. పాత మిషను మీద కూడా క్షణంలో తెరుచుకుంటుంది. ఒకప్పుడు అందులో అక్షరాలు తప్ప హంగులేవీ ఉండేవి కావు. వర్డు ఫెయిర్ కాపీ చేసే టైపిస్టు. మార్జిన్లు, పట్టికలు, పేజీ నంబర్లు అన్నీ చూసుకుంటాడు. కాకపోతే అడగని పనులూ చేస్తాడు. నేను 1 వేసి చుక్క పెట్టి పేరా రాస్తే, తర్వాతి పేరాకు తనే 2 వేసేస్తాడు!

2012లో, కాలం చేసిన మా సెక్షను మిత్రుడి భార్య ఫ్యామిలీ పెన్షను కోసం తిరుగుతున్నారు. అర్జీ నేను రాసిపెడతానన్నాను. విండోస్ 7 నోట్‌ప్యాడులో రెండు రోజులు కూర్చుని ఆయన సర్వీసు వివరాలన్నీ తెలుగులో కొట్టాను. సేవ్ చేయబోతే ఏదో ఇంగ్లీషు హెచ్చరిక వచ్చింది. చదవకుండా ఓకే నొక్కాను. చదవకుండా సంతకం పెట్టొద్దని జూనియర్లకు జీవితమంతా చెప్పినవాణ్ణి! మర్నాడు తెరిస్తే అంకెలు మిగిలాయి, తెలుగంతా ప్రశ్నార్థకాలు. ఆన్సీ అనే పాత పద్ధతిలో దాచడం వల్ల వచ్చిన ముప్పు అది. యూటీఎఫ్-8 ఎంచుకోవలసింది. "ఫర్వాలేదు అన్నయ్యగారూ, మళ్ళీ చెబుతాను" అన్నారావిడ. నేను తలెత్తలేకపోయాను. అర్జీ వారం ఆలస్యంగా వెళ్ళింది.

2019 నాటి విండోస్ 10 మార్పులతో నోట్‌ప్యాడు తనంతట తానే యూటీఎఫ్-8లో దాస్తోంది. ఇంట్లో అంతకన్నా పాతది ఉన్నవారు 'సేవ్ యాజ్' పెట్టెలో అడుగున 'ఎన్‌కోడింగ్' చూసుకోండి. మధ్యరకంగా వర్డ్‌ప్యాడు ఉండేది గానీ, 2024లో విండోస్ 11 నుంచి తీసేశారు.

ఇప్పుడు నేను మాటలన్నీ నోట్‌ప్యాడులో సరిచూసుకుని, వర్డులోకి తెచ్చి ప్రింటు తీస్తాను. డి.ఎ. బకాయిల పట్టికలుంటే మాత్రం నేరుగా వర్డే. కరెంటు పోయినా కొంత దక్కుతుంది. మనం మార్చకపోతే అది పది నిమిషాలకోసారి ఒక నకలు దాచిపెడుతుంది.

ఆవిడకు పెన్షను ఎనిమిది నెలలకు మంజూరైంది. ఆ ప్రశ్నార్థకాల కాగితం ప్రింటు తీసి ఉంచుకున్నాను, సంచిలో తెచ్చాను. టీ దగ్గర చూపిస్తాను. సెలవు.