పెద్దల పగటినిద్ర



మా తల్లిగారికి ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట జ్ఞాపకము క్షీణించి, నన్ను తన తమ్ముని పేర పిలుచుచుండెను. తరువాత నిద్ర హెచ్చినది. ముద్ద నోట నుండగనే కన్నులు మూతపడుచుండెను. “ముసలితనము, పడుకొననిమ్ము” అని యిరుగుపొరుగువా రనిరి. నేనును సరియే యనుకొంటిని.

అది కొంత నిజమే. డిమెన్షియా యనబడు నీ వ్యాధి మెదడున నిద్రను, మెలకువను నడపు భాగములను గూడ చెరచును. కావున వ్యాధి ముదిరిన కొలది నిద్ర మెల్లమెల్లగా పెరుగును. దానికి విసుగుకొని ఫలము లేదు. ఉదయమున అరుగుమీద వెలుతురులో కూర్చుండబెట్టి నాలుగు మాటలు పలికించినచో పగటినిద్ర కొంత తగ్గవచ్చును.

హఠాత్తుగా పెరిగిన నిద్ర సంగతి వేరు. ఒకనాడు మా యమ్మ పిలిచినను పలుకలేదు. జ్వరము లేదు గదా యని రెండు దినము లుపేక్షించితిని. పైగా మగతలోనే గంజి పోయబోతిని. అట్లు పోసినది ఊపిరితిత్తులలోనికి దిగవచ్చునని నాకు తెలియదు. వైద్యుడు మూత్రమును పరీక్ష చేయించి, అందు క్రిములు చేరిన వనెను. వృద్ధులకు జ్వరము లేకయే యిట్లు జరుగునట. జలుబు చేసినదని నేను దుకాణమున కొని యిచ్చిన మాత్రయు మగతను హెచ్చించె ననెను. ఆ మాట నన్ను నేటికిని బాధించుచున్నది.

చికిత్స మొదలిడిన నాలుగవనాడు ఆమె కన్నులు విప్పి, తమ్ముని పేరనే నన్ను పిలిచి, మజ్జిగ యడిగెను.