నొప్పి తెలియని గుండెజబ్బు

మూత్రమునకు చీమలు పట్టుటనుబట్టి మధుమేహమును మన పూర్వులు గుర్తించిరి. 1922 జనవరిలో టొరాంటోలో ఇన్సులిను మొదటిసారి రోగికిచ్చిరి. అదిమొదలు రోగుల ఆయుర్దాయము పెరిగినది. దానితో గుండెకు గలుగు చేటును బయటపడినది.

నెత్తురులో చక్కెర ఏండ్లతరబడి మిక్కుటముగా నున్నచో రక్తనాళముల లోపొర చెడును. అచట క్రొవ్వు పేరుకొని, ఒండ్రుపట్టిన పిల్లకాలువవలె దారి యిరుకగును. చుట్ట త్రాగువారికి ఈ కీడు మరింత త్వరగా వచ్చును. ఈ మాట మీలో కొందరికి రుచింపదని యెరుగుదును.

గుండెకు నెత్తురందనిచో సాధారణముగా రొమ్ము నొప్పిపెట్టును. మధుమేహము నరములనుగూడ చెరచును గనుక కొందరికి ఆ నొప్పియే తెలియదు. నాలుగడుగులకే ఆయాసము, చల్లని చెమట, ఎన్నడులేని నీరసము, కడుపులో వికారము, ఇవియే జాడలు. అజీర్ణమని వాముకషాయము త్రాగి పరుండినవారిని నేను చూచియున్నాను. అట్టి రాత్రి తెల్లవారువరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి కొనిపోయి, "ఈయనకు మధుమేహమున్నది" అని వైద్యునితో మొదటనే చెప్పవలెను.