సొంత విమానం కట్టాలంటే: ప్లాను ఎంపిక



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. విమానం కట్టి చూడమని అనలేదు. అయినా ఆ పనికి పూనుకున్నవాళ్లు లేకపోలేదు. 1910లో మద్రాసులో డి ఏంజెలిస్ అనే హోటలు యజమాని, తన సొంత నమూనా ప్రకారం సింప్సన్ కంపెనీ చేత విమానం కట్టించి ఎగిరాడు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ మేడమీదే ఆరు సీట్ల విమానం తయారుచేశారు. దానికి ఎగిరే అనుమతి 2019లో వచ్చింది.

కడంబత్తూరు, తిరువళ్లూరు, తిరుత్తణి వైపు కొయ్యపని, లేతుపని, మోటారు పని తెలిసిన యువకులు ఎందరో ఉన్నారు. మీలో ఎవరికైనా ఈ కోరిక ఉంటే, మొదటి విమానానికి సొంత నమూనా వద్దు. చాలామంది కట్టి, ఏళ్ల తరబడి ఎగిరిన ప్లానే తీసుకోండి.

పేరు మోసిన ప్లానంతా మంచిదనుకోకండి. 1933లో ఫ్రాన్సులో ఆన్రీ మీన్యే ఒక చిన్న విమానం కట్టి ఎగిరాడు. ఎలా కట్టాలో పుస్తకం రాస్తే జనం ఎగబడి కట్టారు. తర్వాత వరుసగా ప్రమాదాలు జరిగి ప్రాణాలు పోయాయి. 1936లో గాలి సొరంగంలో పరీక్షిస్తే అసలు సంగతి తెలిసింది. ముక్కు బాగా కిందికి వాలితే, ముందు వెనుక రెక్కల అమరిక వల్ల అది మళ్లీ పైకి లేవదు. కట్టినవాళ్ల పనితనంలో కాదు, ప్లానులోనే లోపం.

రెండోది, మీ చేతికి అలవాటైన పని. కొయ్యపని వచ్చినవారికి అమెరికాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ గీసిన ఎయిర్ క్యాంపర్ వంటిది నప్పుతుంది. 1929 నాటి ఆ విమానం ఫోర్డు కారు ఇంజనుతో ఎగిరింది. అయితే ప్లానులో స్ప్రూస్ కొయ్య అని ఉంటే, టేకు గట్టిది కదా అని వాడకండి. టేకు బాగా బరువు. ఇంజను మార్చినా అంతే, విమానం తూకం తప్పుతుంది.

మూడోది అనుమతి. మనకు దగ్గరలోనే అరక్కోణంలో నౌకాదళం వారి రాజాలి విమాన కేంద్రం ఉంది, అటువైపు మీనంబాక్కం ఉంది. పొలంలోంచి లేచిపోతామంటే కుదరదు. మొదటి చెక్క కోయకముందే పౌర విమానయాన డైరెక్టరేటుకు రాసి నిబంధనలు తెలుసుకోండి.

ప్లాను చేతికొచ్చాక రెక్కలోని ఒక్క రిబ్బు మాత్రం కట్టి చూడండి. దానికి ఖర్చు కొంచెమే. గీతలు మీకు అర్థమవుతున్నాయా, ఓపిక నిలుస్తుందా అన్నది అదే చెబుతుంది. నిలవకపోతే పోయేది నాలుగు కొయ్యముక్కలే.

సెలవు.