‘స్ట్రింగీ’ యను మాటకు మన పలుకులు



ఇంగ్లీషున ‘స్ట్రింగీ’ యను విశేషణమొకటి కలదు. ‘స్ట్రింగ్’ అనగా దారము లేక సన్నని త్రాడు. దారమువలె పోగులు పోగులుగా నుండునది స్ట్రింగీ. ముదిరిన చిక్కుడుకాయ, పంటికి లొంగని మాంసము, వ్రేలికంటి సాగు పాకము, పాయలుగా వ్రేలాడు పలుచని జుట్టు, నరములు తేలిన బక్కమనిషి, వీనియన్నిటికి ఆంగ్లేయులు ఈ యొక్క మాటనే వాడుదురు.

దీనిని తెలుగు చేయవలసినచో, ‘పీచుగలది’ యని తేల్చివేయుటకు వీలులేదు. మనవారు ముందుగా వస్తువును చూచి, పిదప మాటను ఎన్నుకొందురు. జనుము, గోగు కట్టలను నీట నానవేసి, బెరడును పుల్లకు పట్టియుంచు జిగురు విడిపోయిన పిమ్మట ఒలుచునది నార. కొబ్బరికాయ మీదను, మామిడిటెంక మీదను ఉండునది పీచు. చిక్కుడుకాయ అంచున తీసివేయునది ఈనె. పత్తికాయ పగిలినప్పుడు కనబడునది పింజ. వడికినచో అదియే నూలుపోగు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సాగునది తీగపాకము. ఆ తీగను పీచు అన్నచో మిఠాయి వండు తల్లి నవ్వకుండునా?

మరియొక భేదము గలదు. వంటకమును గూర్చి ఇంగ్లీషున ఈ మాట చెప్పినచో అది తరచుగా నిందయే. మనకు పీచు ఎల్లవేళల దోషము కాదు. బంగినపల్లి పీచులేని పండు, కోసి తిందుము. రసములకు పీచు గలదు, పిసికి జుర్రుకొందుము. రెంటికిని మర్యాద గలదు.

ఇట్టి మాటలు పండితుల గదులలో పుట్టినవి కావు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినది రైతుల నోటి మాటలను సేకరించియే. 1971లో చేనేత పదముల సంపుటము వచ్చినది.

నేడు నైలాను పగ్గము వచ్చి నారత్రాడు వెనుకబడినది. త్రాడు పేనుట మానిన యింట ఆ పనికి చెందిన మాటలును మాసిపోవును. పిల్లలు ఇంగ్లీషు మాట నేర్చుట మంచిదే. దానికి సాటియగు నాలుగైదు తెలుగు మాటలు మరచుట మాత్రము నష్టము.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నాదొక్క మనవి. మన గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచియుంచుడు. యువకులు పెద్దలనడిగి మాట, అర్థము, అది వాడు పని అందు వ్రాయుదురు గాక. పుస్తకములు దాచుటయే గాక, మాటలు దాచుటయు గ్రంథాలయ ధర్మమే.