రక్తపిశాచము - పల్లెలో, పుస్తకములో

భయానక కథలు చదువువారికి 'డ్రాక్యులా' అను పేరు క్రొత్త కాదు. ఐర్లండు దేశీయుడగు బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన నవల అది. పాత కోట, నల్లని దుస్తులు, ప్రభువంశపు ఠీవి - రక్తపిశాచ మనగానే మన కన్నుల యెదుట నిలుచు రూప మిదియే. కాని ఆ పిశాచము పుట్టిన పల్లెలవారు దీనిని చూచినచో గుర్తింపజాలరు.

వారెరిగిన పిశాచము పొరుగింటివాడే. సెర్బియాలోని కిసిల్యెవో గ్రామమున పీటర్ బ్లాగోయెవిచ్ అను గ్రామస్థుడు మరణించెను. తరువాత 1725లో ఎనిమిది దినముల వ్యవధిలో తొమ్మండుగురు చనిపోయిరి. పీటరే వచ్చి గొంతు నులిమెనని వారు మరణశయ్యపై చెప్పిరట. సమాధి త్రవ్వి చూడగా శవము చెడనట్లుండెను. నోట నెత్తురు కనిపించెను. ఊరివారు గుండెలో కొయ్య దిగగొట్టి, దేహమును కాల్చివేసిరి. ఆనాడు ఆ సీమ నేలుచుండిన ఆస్ట్రియా ప్రభుత్వపు ఉద్యోగి ఒకడు ఇదంతయు వ్రాసి పంపెను.

శవము కుళ్లునపుడు లోపలి వాయువులు ఎఱ్ఱని ద్రవమును నోటికి నెట్టునని నేడు మన మెరుగుదుము. వారికది తెలియదు. తమవారు వరుసగా కూలిపోవుచుండగా కారణము వెదకికొనిరి. సమాధులు త్రవ్వు ఈ ఆచారమును 1755లో మేరియా థెరీసా రాణి, తన వైద్యుడగు వాన్ స్వీటెన్ సలహాపై నిషేధించెను.

మరి రచయిత పిశాచమును మార్చరాదా? నిశ్చయముగా మార్చవచ్చును. 1819లో పాలిడోరి అను యువవైద్యుడు తన కథలో దానికి ప్రభువేషము వేసెను. స్టోకర్ దానిని లండను నగరమునకు నడిపించెను. ఐనను ఆయన పల్లెవారి దుఃఖమును మరువలేదు. లూసీ అను యువతి మరణించి పిశాచమై లేచినపుడు, ఆమె గుండెలో కొయ్య దిగగొట్టవలసినవాడు ఆమెను పెండ్లాడదలచినవాడే. ఆ ఘట్టమున మనలను వణికించునది కోరలకంటె ఆ చేయియే. అనుకరించినవారిలో పలువురు కోటను, కోరలను తీసికొని, ఈ చేతిని విడిచిపెట్టిరి.

మన బేతాళునికిని కొంత అన్యాయము జరిగినది. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథలను ఆంగ్లమున వెలువరించుచు, బేతాళునికి 'వాంపైర్' అని పేరు పెట్టెను. ఆ పేరు వినిన పరదేశి పాఠకుడు కోరలకై వెదకును. శవమునందు చేరి చెట్టున వ్రేలాడు మన బేతాళుడు విక్రమార్కుని భుజముపై నుండి అడుగునది ప్రశ్న. తెలిసియు బదులు చెప్పకున్న తల వ్రక్కలగును. అతని భయంకరత్వ మంతయు అందే యున్నది.

కావున భూతమును కథలోనికి పిలుచువారు ముందుగా ఒక మాట విచారింపవలెను: ఇది ఏ యింట, ఏ దుఃఖమున, ఏ సంశయమున పుట్టినది? అది తెలిసినవాడు రూపమెట్లు మార్చినను కథ నిలుచును.