నష్టం జరిగిన రోజే కబురు చెయ్యాలి



2024 సెప్టెంబరు 1న వరద నీరు మన కోదాడను ముంచెత్తిన సంగతి మనమెవ్వరం మరువలేదు. నీరు తీయగానే మనం ఏం చేస్తాం? చీపురు పట్టుకుంటాం, తడిసిన సరుకు పారబోస్తాం. కొట్టంతా కడిగాక బీమా గుర్తుకొస్తుంది. సర్వేయరు వచ్చి "నష్టం ఏదండీ?" అంటే చూపించడానికేముంది?

కనుక సూర్యాపేటలో కిరాణా కొట్టువారైనా, మిర్యాలగూడలో రైసుమిల్లువారైనా కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలని మా మనవి.

నష్టం తెలిసిన రోజే కంపెనీకి తెలిపి క్లెయిము నంబరు రాసుకోవాలి. ఏజెంటుకు నోటిమాటగా చెబితే చాలదు. సర్వేయరు చూసేదాకా పాడైన సరుకు పారేయరాదు. తప్పనిసరైతే ముందు ఫోటోలు తీయాలి. బాగున్న సరుకును వేరుచేసి కాపాడుకోవడం కూడా మన బాధ్యతే. స్టాకు లెక్కలు, కొనుగోలు బిల్లుల నకళ్లు ఇంట్లో ఉంచాలి. అగ్నిప్రమాదమైతే ఫైర్ స్టేషను రిపోర్టు, దొంగతనమైతే ఎఫ్.ఐ.ఆర్. కావాలి.

బ్యాంకు అప్పుతో తీసుకున్న పాలసీ చాలామంది చూసి కూడా ఉండరు. నకలు తెచ్చుకొని, అందులో వరదకు రక్షణ ఉన్నదో లేదో రేపే చూడండి.

కంపెనీ కాదన్నా, రాసి ఇచ్చిన ఫిర్యాదుకు నెలలోగా బదులివ్వకున్నా, సొంత పేర కొట్టు నడిపేవారు హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఏడాది దాటనీయకండి.

అర్జీ రాయడం రానివారు మొహమాటపడక మనలో చదువుకున్న పిల్లలను అడగండి. పిల్లలూ, మీరు కాదనకండి.