వెల్షు శిశువుల పేర్లు

బారసాలనాడు బియ్యములో పేరు వ్రాయుటకు ముందు, దాని అర్థమేమని ఇంటిలో ఎవరో ఒకరు అడుగక మానరు. బ్రిటను దీవికి పడమట నున్న వేల్సు దేశపు తల్లిదండ్రులును ఈ ప్రశ్న నెరిగినవారే. ఆ దేశపు స్వభాషయగు వెల్షు ఇంగ్లీషునకు మాండలికము కాదు. కెల్టిక్ కుటుంబమునకు చెందిన వేరు భాష.

వారి ఆడపిల్లల పేర్లలో 'గ్వెన్' అను మాట తరచుగా వినవచ్చును. తెల్లనిది, స్వచ్ఛమైనది, ధన్యమైనది అని దాని అర్థచ్ఛాయలు. 'ఐరా' అనగా మంచు. దానికి తెల్లదనము చేరినచో 'ఐర్వెన్'. 'సెరెన్' అనగా నక్షత్రము. 'రియానన్' మహారాణి, అందలి మొదటి భాగము మన 'రాజ' శబ్దమునకు జ్ఞాతి. 'కారిస్' అను పేరు ప్రేమించుట అను ధాతువునుండి వచ్చినది. అతిపురాతనముగా తోచినను, ఇది ఇరువదవ శతాబ్దమున పుట్టిన పేరే!

1914లో స్వాన్‌సీలో జన్మించిన కవి డిలన్ థామస్ పేరును ఆయన తండ్రి ప్రాచీన వెల్షు కథలనుండి గ్రహించెను. సముద్రమునకు సంబంధించిన పేరది. వెల్షువారు దానిని 'డలన్' అని పలుకుదురు. తోడిపిల్లలు 'డల్' అని వెక్కిరింతురేమో యని తల్లి జంకినదట. ఈ జంకు మన తల్లులకును తెలియనిది కాదు.

పూర్వము వారికి ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే గుర్తు; 'అప్' అనగా కుమారుడు. పదునారవ శతాబ్దమునుండి ఇంగ్లీషు పరిపాలనా పద్ధతులు పాదుకొనగా, అప్ రీస్ 'ప్రైస్' అయ్యెను, అప్ హవెల్ 'పొవెల్' అయ్యెను. కుమారుడను మాటకు ఒక్క పకారము మిగిలినది!

ఇట్లు అన్యుల కలమున అరిగిన పేర్లలో నన్ను వదలనిది ఒక శిశువు పేరు. 1282లో వెల్షు ప్రభువగు లెవెలిన్‌కు కుమార్తె పుట్టినది. తల్లి పురిటిలోనే మరణించెను. ఆ డిసెంబరులోనే తండ్రి ఇంగ్లీషు సేనల చేత హతుడయ్యెను. బిడ్డ పేరు గ్వెన్లియన్. వంశాంకురము వేల్సులో పెరుగరాదని ఎడ్వర్డు రాజు ఆ పసికందును లింకన్‌షైరులోని సెంప్రింగ్‌హామ్ సన్యాసినీ మఠమునకు పంపెను. 1337లో కన్నుమూయువరకు ఆమె అచటనే యుండెను. వెల్షు పలుకు వినరాని ఆ చోట ఆమె పేరును 'వెన్సిలియన్' అనియు, 'వెంట్లియన్' అనియు వ్రాసిరి.

2009లో స్నోడోనియా పర్వతములలోని ఒక శిఖరమునకు 'కార్నెద్ గ్వెన్లియన్' అని పేరు మార్చిరి. ఈసారి వెల్షు వర్ణక్రమములోనే వ్రాసిరి. ఆ దాపుననే లెవెలిన్ పేరుగల శిఖరము కలదు.